వెనక హౌసింగ్‌లో మోత: లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లో ఏది అరిగిందో ఎలా తేలుతుంది, మళ్లీ ఎలా కూర్చుతారు

చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మెతో కృష్ణపట్నం రేవుకు దిగే లారీ కావచ్చు, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద మేత బస్తాలు మోసే పికప్ కావచ్చు. వెనక హౌసింగ్ నుంచి, అంటే వెనక ఇరుసు మధ్య గేర్లుండే డబ్బా నుంచి, మోత మొదలైతే యజమాని వినే మాట మాత్రం ఒకటే: "క్రౌన్ పినియన్ పోయింది, సెట్టు మార్చాలి." ఆ మాట నిజమయ్యే సందర్భాలున్నాయి. కానీ అలాంటి మోతే టైరు నుంచి, చక్రం బేరింగ్ నుంచి, ఇంజిన్ బలాన్ని వెనక్కి తెచ్చే జాయింట్ రాడ్ క్రాస్ నుంచి రావచ్చు. ఒక చక్రం జారినా రెండోదానికి బలం పంపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న బండిలో అయితే లోపలేమీ విరగకుండానే, తప్పు ఆయిల్ పోసినందుకే రావచ్చు.

ఈ మధ్య గందరగోళం ఇంకాస్త పెరిగింది. పికప్‌లు, ఎస్‌యూవీలు అమ్మేవాళ్లు ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్), ఎంఎల్‌డీ (మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్), డిఫ్ లాక్ అనే మాటలను ఒకదాని బదులు ఇంకొకటి వాడుతున్నారు. సెకండ్ హ్యాండ్ బండి కొన్న రైతు తన బండిలో ఏది ఉందో తెలియకుండానే షెడ్డుకు వస్తాడు. అక్కడి మేస్త్రికీ ఆ రకం కొత్తదైతే మామూలు హౌసింగ్ విప్పినట్టే విప్పుతాడు, మామూలు ఆయిలే పోస్తాడు. అందుకని ముందు ఆ డబ్బాలో ఏం జరుగుతుందో చూద్దాం. రోగం, మందు సంగతి ఆ తర్వాత.

మలుపులో రెండు చక్రాలు రెండు దూరాలు నడుస్తాయి

వెనక ఇరుసు మధ్య భాగం 10 మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తిరుగుతోందనుకుందాం. రెండు వైపుల చక్రాల మధ్య దూరం 1.8 మీటర్లు. అంటే లోపలి చక్రం 9.1 మీటర్ల వ్యాసార్ధంతో, బయటి చక్రం 10.9 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతాయి. కుడి నుంచి ఎడమకు పూర్తి మూల మలుపు, అంటే 90 డిగ్రీలు తిరిగేసరికి లోపలి చక్రం సుమారు 14.3 మీటర్లు, బయటిది సుమారు 17.1 మీటర్లు నడుస్తుంది. తేడా 2.8 మీటర్లు. ఒక మీటరు ఎత్తున్న లారీ టైరు ఒక్క చుట్టుకు 3.14 మీటర్లు పోతుంది కాబట్టి, ఆ ఒక్క మలుపులోనే బయటి చక్రం దాదాపు ఒక చుట్టు ఎక్కువ తిరగాలి. రెంటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఆ చుట్టు తేడాను టైరు రోడ్డుకేసి రుద్దుకుని తీర్చుకోవాలి, లేదా యాక్సిల్ మెలిపడాలి.

ఈ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. జాయింట్ రాడ్ నుంచి వచ్చే తిప్పుడు ముందు టెయిల్ పినియన్‌కు, దాని నుంచి పెద్ద క్రౌన్ వీల్‌కు చేరుతుంది. పినియన్‌కు 6 పళ్లు, క్రౌన్‌కు 41 పళ్లు ఉంటే నిష్పత్తి 6.83. అంటే పినియన్ దాదాపు ఏడు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఈ సంఖ్య గుర్తుంటే మంచిది, మోతను గుర్తుపట్టేటప్పుడు పనికొస్తుంది. క్రౌన్ వీల్‌ను ఒక కేజ్‌కు బోల్టులతో బిగిస్తారు. కేజ్ లోపల ఒక క్రాస్ మీద చిన్న స్టార్ పినియన్లు, వాటికి రెండు పక్కలా సన్ గేర్లు ఉంటాయి. ఒక్కో సన్ గేర్ నుంచి ఒక్కో యాక్సిల్ బయటికి వెళ్తుంది. బండి నేరుగా పోతున్నప్పుడు స్టార్ పినియన్లు తమ చుట్టూ తాము తిరగవు, కేజ్‌తో కలిసి పోతాయి. మలుపు వచ్చినప్పుడే తమ చుట్టూ తిరిగి, ఒక వైపు తగ్గించిన చుట్లను ఇంకో వైపుకు కలుపుతాయి.

బురదలో ఒక చక్రం గిర్రున తిరుగుతుంటే రెండోది ఎందుకు కదలదు

మామూలు డిఫరెన్షియల్‌ను ఓపెన్ అంటారు. దాని స్వభావం ఏమిటంటే, రెండు వైపులకూ ఎప్పుడూ సమానమైన బలాన్నే పంపుతుంది. వేగాలు వేరుగా ఉండొచ్చు, బలం మాత్రం సమానం. చిక్కంతా ఇక్కడే ఉంది. పట్టు తక్కువ ఉన్న చక్రం ఎంత బలం తట్టుకోగలదో, పట్టు బాగా ఉన్న చక్రానికీ అంతే అందుతుంది.

లెక్కగా చూద్దాం. వాన పడిన నల్లరేగడి చేను దారిలో ఎడమ చక్రం జారే బురదలో ఉంది, 100 కిలోల తోపు దాటితే జారిపోతుంది. కుడి చక్రం గట్టి నేల మీద ఉంది, 800 కిలోలు తట్టుకోగలదు. బండి బయటపడాలంటే మొత్తం 350 కిలోల తోపు కావాలి. ఓపెన్ డిఫరెన్షియల్ ఎడమకు 100, కుడికీ 100 మాత్రమే ఇస్తుంది. మొత్తం 200. బండి దిగబడిపోతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఎడమ చక్రం వేగం పెరుగుతుందే తప్ప కుడి చక్రానికి ఒక్క కిలో కూడా ఎక్కువ రాదు.

లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, పొట్టిగా ఎల్‌ఎస్‌డీ, ఈ సమానత్వాన్ని కొంత చెడగొడుతుంది. జారే చక్రం కన్నా ఆగిన చక్రానికి కొన్ని రెట్లు ఎక్కువ బలం పంపగలదు. ఆ రెట్లు మూడు అనుకుంటే, పై లెక్కలో ఎడమకు 100, కుడికి 300, మొత్తం 400. బండి బయటపడుతుంది. పూర్తిగా లాక్ చేస్తే ఎడమ 100తో పాటు కుడి చక్రం తన 800 వరకూ ఇవ్వగలదు.

ఇప్పుడు ఎడమ చక్రం గుంట మీద గాలిలో వేలాడుతోందనుకోండి. దాని పట్టు సున్నా. సున్నాకు మూడు రెట్లూ సున్నాయే. ఎల్‌ఎస్‌డీ ఉన్న బండి కూడా దిగబడిందేమని చాలామంది అడిగేదానికి జవాబు ఇదే. ప్లేట్ల రకంలో లోపలి స్ప్రింగుల వల్ల కొద్దిపాటి బిగువు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి కాస్త సాయం దొరుకుతుంది. అనుభవమున్న డ్రైవర్లు ఇలాంటప్పుడు బ్రేకును తేలిగ్గా నొక్కి ఉంచి యాక్సిలరేటర్ ఇస్తారు. దానికీ లెక్కే ఆధారం. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు 100 కిలోల అడ్డు ఇస్తే, రెండో వైపుకు 300 వెళ్తుంది. అందులో 100 ఆ వైపు బ్రేకే తినేసినా 200 నేలకు చేరుతుంది.

ఎల్‌ఎస్‌డీ, లాక్, ఎంఎల్‌డీ: పేర్లు కలిసిపోయిన వేర్వేరు పనిముట్లు

ప్లేట్ల ఎల్‌ఎస్‌డీలో సన్ గేర్ల వెనక క్లచ్ ప్లేట్లు పేర్చి ఉంటాయి. ఒక ప్లేటు సన్ గేర్‌తో తిరుగుతుంది, దాని పక్కది కేజ్‌తో తిరుగుతుంది, మళ్లీ ఒకటి సన్ గేర్‌తో. స్ప్రింగు వాటిని నొక్కి ఉంచుతుంది. ఇంజిన్ బలం పెరిగేకొద్దీ గేర్ల పళ్లు ఒకదాన్నొకటి పక్కకు తోసుకుని ప్లేట్లను ఇంకా నొక్కుతాయి. 1930లలో జర్మనీలో ఆటో యూనియన్ రేసు కార్ల కోసం ఇలాంటి ఆలోచన పుట్టింది. 1956లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ మామూలు కొనుగోలుదారుల కార్లలోకి తెచ్చింది. ప్లేట్లు లేకుండా మెలిక పళ్ల గేర్ల రాపిడితోనే పనిచేసే రకం కూడా ఉంది. అందులో అరిగే ప్లేట్లు ఉండవు, కానీ చక్రం గాలిలోకి లేస్తే అది ఇంకా నిస్సహాయం.

డిఫ్ లాక్ వేరు. సన్నటి పళ్ల క్లచ్ ఒకటి జరిగి కేజ్‌నూ యాక్సిల్‌నూ ఒకటి చేస్తుంది. క్వారీల్లో తిరిగే పెద్ద టిప్పర్లలో డ్యాష్‌బోర్డు మీది స్విచ్ నొక్కితే గాలి ఒత్తిడితో పడేది ఇదే. రెండు వెనక ఇరుసులున్న బండిలో ఇరుసుకూ ఇరుసుకూ మధ్య ఇంకో లాక్ కూడా ఉంటుంది. దిగబడిన చోట వేసి, గట్టి నేల మీదికి రాగానే తీసేయాల్సిన వస్తువు ఇది. తారు రోడ్డు మలుపులో లాక్ ఉండిపోతే మొదట చెప్పుకున్న ఆ ఒక చుట్టు తేడా యాక్సిల్ మీద పడుతుంది.

మహీంద్రా థార్ లాంటి బండ్లలో కొన్ని మోడళ్లకు వచ్చే ఎంఎల్‌డీ ఈ రెంటికీ మధ్యది కాదు. అది తనంతట తానే పడే లాక్. రెండు చక్రాల వేగాల్లో తేడా బాగా పెరిగితే లోపలి బరువుల గవర్నర్ దాన్ని పట్టుకుని లాక్ చేస్తుంది. అందువల్ల ఒక చక్రం జారడం మొదలయ్యాక ఒక్క క్షణం ఆగి, ఒక్క కుదుపుతో పట్టుకుంటుంది. ఆ చప్పుడు విని ఏదో విరిగిందని కంగారుపడేవాళ్లున్నారు. ఇక "ఎలక్ట్రానిక్ ఎల్‌ఎస్‌డీ" అని అమ్మేవాటిలో చాలా వరకు ఓపెన్ డిఫరెన్షియలే. జారే చక్రాన్ని కంప్యూటర్ బ్రేకుతో ఆపుతుంది, అంతే. దానికి ప్లేట్లు మార్చడం అనే పనే లేదు.

మోత ఎప్పుడు వస్తోంది అన్నదే సగం జవాబు

హౌసింగ్ విప్పకముందే రోడ్డు మీద తేలే సంగతులు చాలా ఉన్నాయి. జాతీయ రహదారి మీద ఒంగోలు, కావలి మధ్య లాంటి సమతలం రోడ్డు ఇందుకు బాగుంటుంది.

మొదట తేల్చాల్సింది టైరు సంగతి. రోడ్డు ఉపరితలం మారగానే, తారు నుంచి సిమెంటు మీదికి రాగానే శబ్దం మారితే అనుమానం టైర్ల మీద. డిఫరెన్షియల్ మోత రోడ్డును బట్టి మారదు. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో ఇంజిన్‌ను అదే వేగానికి లేపినప్పుడు కూడా శబ్దం వస్తే అది వెనకది కాదు.

తర్వాత చూడాల్సింది బరువు పడే దిశ. యాక్సిలరేటర్ నొక్కి లాగుతున్నప్పుడు మాత్రమే సన్నగా ఊళ వేసినట్టు వచ్చి, కాలు తీయగానే ఆగితే క్రౌన్, పినియన్ పళ్ల లాగుడు వైపు ముఖం అరిగి ఉండొచ్చు, లేదా వాటి అమరిక తప్పి ఉండొచ్చు. కాలు తీసినప్పుడు మొదలయ్యే ఊళ పళ్ల రెండో ముఖాన్నీ, పినియన్ బేరింగ్ వదులునూ సూచిస్తుంది. పినియన్ నట్టు వదులైన బండ్లలో ఇది తరచూ వినిపిస్తుంది.

లాగినా వదిలినా ఒకేలా ఉండే గరగర శబ్దం బేరింగ్‌లది. అందులోనూ ఏ బేరింగ్ అన్నది స్థాయిని బట్టి తెలుస్తుంది. 6.83 నిష్పత్తి ఉన్న బండిలో పినియన్ బేరింగ్ చక్రం కన్నా దాదాపు ఏడు రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి దాని గరగర సన్నగా, గబగబా ఉంటుంది. కేజ్ పక్క బేరింగ్‌లు, చక్రం బేరింగ్‌లు చక్రం వేగంతోనే తిరుగుతాయి, వాటి శబ్దం లావుగా, నెమ్మదిగా ఉంటుంది. ఎడమకు మలుపు తిప్పినప్పుడు బరువు కుడి వైపుకు పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే కుడి చక్రం బేరింగ్‌ను ముందు చూడాలి. ఆగాక ఒక హబ్ మాత్రం రెండోదానికన్నా బాగా వేడిగా ఉంటే అనుమానం బలపడినట్టే, అయితే బ్రేకు పట్టేసినా అలాగే వేడెక్కుతుంది.

మలుపులో మాత్రమే వచ్చి నేరుగా పోతే ఆగే టకటక స్టార్ పినియన్లది, అవి కూర్చునే క్రాస్‌ది. బండి కదిలే క్షణంలో, గేరు మార్చే క్షణంలో వచ్చే ఒక్క "టక్" ఇంకా తికమక పెడుతుంది. జాయింట్ క్రాస్ వదులు, యాక్సిల్ పళ్ల వదులు, స్టార్ క్రాస్ అరుగుదల, క్రౌన్ బ్యాక్‌లాష్ (క్రౌన్, పినియన్ పళ్ల మధ్య ఖాళీ), నాలుగూ అదే శబ్దం ఇస్తాయి. అందుకే ముందు జాయింట్ రాడ్‌ను చేత్తో ఊపి చూడటం ఉత్తమం. అన్నిటికన్నా చవకగా తేలేది అదే. చాలా బండ్లలో దోషి కూడా అదే.

ఎల్‌ఎస్‌డీకి మాత్రమే వచ్చే జబ్బులు

నెమ్మదిగా, ఇరుకు మలుపు తిరిగేటప్పుడు వెనక నుంచి గుడగుడమని వణుకు. లిమిటెడ్ స్లిప్ బండి యజమానిని ఎక్కువ భయపెట్టే లక్షణం ఇదే. మలుపులో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారాలి. అవి నున్నగా జారకుండా అతుక్కోవడం, ఊడిరావడం, మళ్లీ అతుక్కోవడం సెకనుకు ఎన్నోసార్లు జరిగితే ఆ వణుకు పుడుతుంది. మార్కాపురం పలక మీద బలపం నిలువుగా పట్టుకుని గీస్తే కీచుమనడానికీ కారణం ఇదే.

ఈ అతుకుడును తగ్గించడానికే ఎల్‌ఎస్‌డీ ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే ద్రవం కలుపుతారు. మామూలు 80డబ్ల్యూ-90 జీఎల్-5 ఆయిల్ గేరు పళ్లను బాగానే కాపాడుతుంది, ప్లేట్ల సంగతి దానికి పట్టదు. ఎల్‌ఎస్ అని రాసి ఉన్న ఆయిల్‌లో ఆ ద్రవం ముందే కలిసి ఉంటుంది. అందువల్ల ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే వణుకు మొదలైతే ప్లేట్లను అనుమానించేముందు ఏ ఆయిల్ పోశారో కనుక్కోవాలి. సరైన ఆయిల్ పోసి, ఖాళీ స్థలంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో కొన్ని చుట్లు తిప్పాక వణుకు పోతే హౌసింగ్ విప్పాల్సిన పనే లేదు.

మాడిఫయర్ విషయంలో మేస్త్రుల మధ్య నిజమైన అభిప్రాయభేదం ఉంది. చప్పుడు పూర్తిగా పోయేవరకు కలపాలని కొందరంటారు. కొంచెం వణుకు ఉంటేనే ప్లేట్లు పట్టు ఇస్తున్నట్టని ఇంకొందరంటారు. ఇద్దరి మాటలోనూ సారం ఉంది, ఎందుకంటే మాడిఫయర్ ఎక్కువైనకొద్దీ ప్లేట్ల పట్టు తగ్గుతుంది. తయారీదారు చెప్పిన మోతాదు దాటాక మిగిలే వణుకు ప్లేట్లు కాలినందువల్లో, పూత ఊడినందువల్లో వస్తుందని నేననుకుంటాను. దాన్ని సీసాలోని ద్రవంతో కప్పడం అంటే ఎల్‌ఎస్‌డీని మెల్లగా ఓపెన్ డిఫరెన్షియల్‌గా మార్చుకోవడమే.

రెండో జబ్బుకు చప్పుడే ఉండదు. ప్లేట్లు అరిగి పట్టు పోతుంది, బండి మామూలు బండిలా దిగబడుతుంది. దీన్ని తేల్చే తేలికైన పరీక్ష, రెండు వెనక చక్రాలనూ స్టాండ్ల మీద లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ తీసి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పడం. రెండోది అదే దిశలో తిరిగితే ప్లేట్లలో ఇంకా బిగువు ఉన్నట్టు. ఎదురు దిశలో తిరిగితే అది ఓపెన్ రకం, లేదా బిగువు పూర్తిగా పోయిన ఎల్‌ఎస్‌డీ. ఎంఎల్‌డీ మాత్రం బాగున్నా ఈ పరీక్షలో ఓపెన్ లాగే తిరుగుతుంది. ఈ ఒక్క పరీక్ష చూసి పోయిందని తీర్పు చెప్పకూడదు.

ఇంకా కచ్చితమైనది కొలిచే పరీక్ష. ఒక చక్రం నేల మీదే ఉంచి రెండోదాన్ని లేపి, హబ్‌కు మీటరు పొడవు కడ్డీ బిగించి, స్ప్రింగ్ త్రాసుతో చివర లాగుతారు. మాన్యువల్ ప్రకారం 10 కిలోలకు కదలాల్సిన చక్రం 3 కిలోలకే జారితే ప్లేట్లు అరిగాయి. ఈ పరీక్షలన్నీ ఇంజిన్ ఆపి చేసేవి. ఒక చక్రం జాకీ మీద ఉండగా ఇంజిన్ వేసి గేరులో పెడితే, నేల మీదున్న చక్రానికీ బలం అందుతుంది కాబట్టి ఎల్‌ఎస్‌డీ బండి జాకీ మీది నుంచి ముందుకు దూకుతుంది. ఓపెన్ రకానికి అలవాటైన షెడ్డులో దీనివల్ల ప్రాణమే పోవచ్చు.

డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం చెప్పేది

ఆయిల్ దించినప్పుడు ప్లగ్ అయస్కాంతానికి అంటిన నల్లటి మెత్తని పేస్టు మామూలు అరుగుదలే. రేకుల్లా మెరిసే ముక్కలు బేరింగ్ పై పొర ఊడుతున్నట్టు చెబుతాయి. పన్ను ముక్క కనిపిస్తే ఇక బండి నడపకూడదు. ఎల్‌ఎస్‌డీలో ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తే ప్లేట్లు వేడెక్కాయి.

పాలు కలిసినట్టు తెల్లగా వస్తే నీళ్లు చేరాయి. మన దగ్గర దీన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలి. దూరం నడిచి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారి వాగు నీళ్లలోకి, గుంట గట్టు పక్క నీళ్లలోకి దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. పైన ఉండే బ్రీదర్ అనే గాలి రంధ్రం నుంచో, అరిగిన సీల్ అంచు నుంచో బయటి నీళ్లను లోపలికి పీలుస్తుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోతే నష్టం ఇంకో వైపు నుంచి వస్తుంది. వేడికి లోపల ఒత్తిడి పెరిగి సీల్ నుంచి ఆయిల్ కారుతుంది, ఎన్ని సీళ్లు మార్చినా ఆగదు. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు, పడుగుపాడు వైపు మునిగినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు నీళ్లలో నిలిచిన బండ్ల విషయంలో మొదట అడగాల్సింది హౌసింగ్ ఆయిల్ గురించే. రొయ్యల గుంటల ఉప్పునీరైతే బేరింగ్ రోలర్ల మీద తుప్పు మచ్చలు ఇంకా త్వరగా పడతాయి.

విప్పేముందు తీసుకునే కొలతలు

మంచి మేస్త్రిని గుర్తుపట్టే చోటు ఇదే. క్యాప్ బోల్టు వదులు చేసేముందు అతను క్రౌన్ బ్యాక్‌లాష్ కొలుస్తాడు, పళ్ల మీద రంగు పూసి అచ్చు చూస్తాడు, బేరింగ్ క్యాప్‌లకు ఎడమ, కుడి గుర్తులు పెడతాడు. ఆ క్యాప్‌లను హౌసింగ్‌కు బిగించే బోరు చేసి ఉంటారు, తారుమారు చేస్తే బేరింగ్ గుండ్రంగా కూర్చోదు. పాత కొలతలు రాసుకోకపోతే, కొత్తగా కూర్చాక వచ్చిన మోత పాత అరుగుదలదో కొత్త తప్పుదో చెప్పడానికి ఆధారమే ఉండదు.

క్రౌన్, పినియన్ ఎప్పుడూ జంటే. ఫ్యాక్టరీలో రెంటినీ కలిపి రుద్ది జత చేసి, ఒకే నంబరు కొడతారు. ఒక్క పినియన్ మాత్రమే పాడైందని ఒకటే మారిస్తే మోత ఖాయం.

తిరిగి కూర్చడం: నాలుగు కొలతలు, ఒకదాని మీద ఒకటి

మొదటిది పినియన్ లోతు. పినియన్ తల వెనక పెట్టే షిమ్ (పల్చటి రేకు) మందాన్ని బట్టి అది క్రౌన్ వైపు ఎంత చొచ్చుకుపోతుందో నిర్ణయమవుతుంది. రెండోది పినియన్ బేరింగ్ ప్రీలోడ్, అంటే ముందే ఇచ్చి ఉంచే బిగువు. మన షెడ్లలో దీన్ని ఫ్లాంజ్‌కు దారం చుట్టి స్ప్రింగ్ త్రాసుతో లాగి చూస్తారు. ఈ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లున్నారు, కానీ లెక్క తెలిసి చేస్తే ఇది సరైన కొలతే. దారం చుట్టిన చోట వ్యాసం 12 సెంటీమీటర్లు, అంటే వ్యాసార్ధం 6. పినియన్ నిదానంగా తిరుగుతుండగా త్రాసు 2.5 కిలోలు చూపితే ప్రీలోడ్ 15 కిలో-సెంటీమీటర్లు, అంటే సుమారు 1.5 న్యూటన్ మీటర్లు. కదిలే తొలి క్షణపు అంకె కాదు, తిరుగుతున్నప్పటి అంకె తీసుకోవాలి. ఆయిల్ సీల్ రాపిడి కలవకుండా సీల్ వేయకముందు చూడాలి. కొత్త బేరింగ్‌కు ఇచ్చే బిగువు పాత బేరింగ్‌కు ఇవ్వరు, పాతదానికి దాదాపు సగం చాలు.

కొన్ని హౌసింగ్‌లలో ఈ బిగువును నలిగే స్లీవ్ ఒకటి నిలుపుతుంది. నట్టు బిగించేకొద్దీ అది నలిగి పొట్టిదవుతుంది. ఎక్కువ బిగించేశామని నట్టు కాస్త వెనక్కి తిప్పితే అంకె సరిగ్గానే కనిపిస్తుంది, కానీ స్లీవ్ మళ్లీ సాగదు. బేరింగ్‌ల మధ్య పట్టు లేక నట్టు కొద్ది రోజుల్లో వదులవుతుంది. ఆ స్లీవ్ పారేసి కొత్తది వేయడమే దారి.

మూడోది బ్యాక్‌లాష్. క్రౌన్ పన్ను, పినియన్ పన్ను మధ్య ఉండే ఆ సన్నని ఖాళీని డయల్ గేజ్‌తో, క్రౌన్ చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలుస్తారు. ఉదాహరణకు మాన్యువల్ 0.20 నుంచి 0.30 మి.మీ. అంటే, గేజ్ 0.39 చూపుతోందనుకుందాం. 0.25కు రావాలంటే 0.14 తగ్గాలి. క్రౌన్‌ను పినియన్ వైపు 0.10 జరిపితే బ్యాక్‌లాష్ సుమారు 0.07 తగ్గుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే 0.20 మి.మీ. జరపాలి. క్రౌన్‌ను పక్కకు జరిపే అడ్జస్టర్ నట్టును ఒక వైపు ఎంత వదులు చేస్తే రెండో వైపు అంతే బిగించాలి, లేకపోతే పక్క బేరింగ్‌ల బిగువు చెడుతుంది. క్రౌన్ ఒక చోట 0.20, ఎదురుగా 0.40 చూపితే అది అడ్జస్టర్‌తో పోయే తప్పు కాదు. క్రౌన్ వంకరగా కూర్చుంది, కేజ్ అంచు మీద చిన్న లోహపు పొట్టు ఇరుక్కున్నా అలా జరుగుతుంది.

నాలుగోది పళ్ల అచ్చు. మొదటి మూడూ సరిపోయాయో లేదో చెప్పే సాక్షి ఇది. క్రౌన్ పళ్లకు రంగు పేస్టు పూసి, చేత్తో అడ్డు పెట్టి పినియన్‌ను రెండు దిక్కులా తిప్పుతారు. అచ్చు పన్ను ఎత్తు మధ్యలో, పొడవులో మధ్యకు కాస్త లోపలి కొస వైపు పడితే బాగున్నట్టు. బరువు పడ్డప్పుడు అది బయటి కొస వైపు జరుగుతుంది కాబట్టి ఆ కాస్త చోటు వదిలిపెడతారు. అచ్చు పన్ను అడుగుకు దిగిపోతే పినియన్ మరీ లోతుగా ఉంది, షిమ్ మందం తగ్గించాలి. పన్ను పై అంచుకు ఎక్కితే పినియన్ చాలినంత లోపలికి రాలేదు. లాగుడు ముఖం మీద అచ్చు మొత్తం లోపలి కొసకే చేరితే క్రౌన్ మరీ దగ్గరైంది, బయటి కొసకు పోతే దూరమైంది. షిమ్ మార్చిన ప్రతిసారీ బ్యాక్‌లాష్ మళ్లీ మారుతుంది. అందుకే ఈ పని ఒక పూటలో అయిపోవాలని యజమాని పక్కనే నిలబడి టెన్షన్ పెడితే సరిగ్గా కుదరదు.

చీమకుర్తి బండ్లకు ఈ అచ్చు ఎందుకంత ముఖ్యమో బరువు చూస్తే అర్థమవుతుంది. 3 మీటర్ల పొడవు, 1.5 వెడల్పు, 1.5 ఎత్తు ఉన్న గ్రానైట్ దిమ్మె 6.75 ఘనపు మీటర్లు. ఈ నల్లరాయి ఘనపు మీటరుకు సుమారు 3 టన్నులు తూగుతుంది. ఒక్క రాయే 20 టన్నులు. క్వారీ గోతి నుంచి ఎత్తు ఎక్కేటప్పుడు ఆ బరువును లాగే బలమంతా ఒకటి రెండు పళ్ల మీది ఆ రంగు మచ్చంత చోటు గుండానే పోతుంది. మచ్చ కొసకు పడితే పన్ను కొస విరుగుతుంది.

ప్లేట్ల పని

ప్లేట్లున్న రకమైతే కేజ్ విడదీసి ఒక్కో ప్లేటు మందం మైక్రోమీటరుతో చూస్తారు. ఎనిమిది రాపిడి ప్లేట్లు ఒక్కోటి 0.1 మి.మీ. అరిగితే దొంతరలో 0.8 మి.మీ. పోయినట్టు. కంటికి ఏ ప్లేటూ పాడైనట్టు కనిపించదు, స్ప్రింగు నొక్కుడు మాత్రం సగానికి పడిపోవచ్చు. ప్లేట్ల చెవులు, అవి కూర్చునే కేజ్ గాడులు కూడా చూడాలి. గాడిలో మెట్టు పడి ఉంటే కొత్త ప్లేట్లు వేసినా జరగవు. కొత్త ప్లేట్లను మాడిఫయర్ కలిసిన ఆయిల్‌లో నానబెట్టి, తీసిన వరసలోనే పేర్చుతారు. పొడిగా పేర్చితే మొదటి మలుపుల్లోనే పూత మాడుతుంది. కూర్చాక బిగువును మళ్లీ కొలిచి, చాలకపోతే షిమ్‌తో సరిచేస్తారు.

సెట్టు మార్చడమా, పాత హౌసింగ్ తేవడమా

విజయవాడ ఆటోనగర్ నుంచో, నెల్లూరు ఆటోనగర్ నుంచో విప్పిన బండి హౌసింగ్ తెచ్చి దించేయడం ఒక దారి. ఒక రోజులో బండి రోడ్డెక్కుతుంది, ఫైనాన్స్ కిస్తీ కట్టే యజమానికి ఆ రోజుల లెక్క చిన్నది కాదు. పైగా ఫ్యాక్టరీలో అమర్చిన కొలతలు చెదరకుండా వస్తాయి. ఎదురు వాదనా అంతే బలమైనది. ఆ హౌసింగ్ ఎంత తిరిగిందో, నీళ్లలో మునిగిందో ఎవరూ చెప్పలేరు. నిష్పత్తి కూడా సరిపోవాలి. 41కి 6 ఉన్న చోట 37కి 6 వస్తే నిష్పత్తి 6.17 అవుతుంది. లారీ రోడ్డు మీద వేగంగా పోతుంది కానీ ఎత్తు ఎక్కడానికి కష్టపడుతుంది. నాలుగు చక్రాలూ లాగే పికప్‌లో అయితే ముందు ఇరుసు నిష్పత్తితో కలవక రెండు ఇరుసులకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతింటుంది. అయస్కాంతం శుభ్రంగా ఉండి, బ్యాక్‌లాష్ కొలిచి చూపించే అమ్మకందారు దొరికితే పాత హౌసింగ్ సరైన బేరమే. మూత తీయనివ్వని చోట కొనడం నాకు సబబనిపించదు.

ఒక్క బేరింగ్ అరిగితే అదొక్కటే మార్చాలా అన్నది ఇంకో వాదన. పక్క బేరింగ్ ఒకటి పోతే రెండోదీ అంతే తిరిగింది కాబట్టి జంటగా మార్చడంలో అర్థముంది. బేరింగ్ పొట్టు ఆయిల్‌లో తిరిగి మిగతావాటినీ గీకి ఉంటుంది. కానీ పళ్ల అచ్చు బాగున్న క్రౌన్ పినియన్‌ను "ఎలాగూ విప్పాం కదా" అని మార్చేయడం వేరు. పాత జత ఒకదానికొకటి అరిగి కుదిరి ఉంటుంది. పాత షిమ్‌తో, పాత బ్యాక్‌లాష్‌తో తిరిగి కూర్చితే అది మోత లేకుండా చాలాకాలం నడుస్తుంది. కొత్త మాన్యువల్ కొలతకు దాన్ని బలవంతంగా తెస్తేనే మోత మొదలవుతుంది.

స్టార్ పినియన్లను వెల్డింగ్ చేసి రెండు చక్రాలనూ శాశ్వతంగా ఒకటి చేయడం కూడా అక్కడక్కడా జరుగుతుంది. గట్టు దాటని ట్రాక్టర్‌కో, గుంటలో మాత్రమే తిరిగే బండికో అది నడవచ్చు. తారు రోడ్డు ఎక్కే బండికి మాత్రం ప్రతి మలుపూ టైరును గీస్తుంది. తడి రోడ్డు మీద వెనక భాగం పక్కకు జారుతుంది. ఏదో ఒక రోజు బరువుతో మలుపు తిరుగుతుండగా యాక్సిల్ తెగుతుంది.

కూర్చిన తర్వాత మొదటి కిలోమీటర్లు

కొత్త క్రౌన్ పినియన్ పళ్లు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఒకదానికొకటి కుదురుకుంటాయి, అప్పుడు పుట్టే వేడి ఎక్కువ. పది ఇరవై కిలోమీటర్లు మెల్లగా పోయి ఆగి హౌసింగ్ చల్లబడనివ్వడం, మొదట్లో పూర్తి బరువు వేయకపోవడం, తర్వాత ఆ తొలి ఆయిల్‌ను దించేసి కొత్తది పోయడం అందుకే. ఆ తొలి ఆయిల్‌లో సన్నటి పొట్టు కనిపిస్తే భయపడక్కర్లేదు. రెండోసారి దించినప్పుడు కూడా అంతే కనిపిస్తేనే మళ్లీ పళ్ల అచ్చు చూడాలి.